ఒకే నెలలో రెండు కోర్టులు

ఆ పుస్తకం ఇప్పటికీ నా పెట్టెలో ఉంది. తీసినప్పుడల్లా ఒళ్లు మండుతుంది.

కువైట్‌లోని సల్వాలో నేను కారు నడిపిన ఇంటి యజమానిని బాబా అని పిలిచేవాళ్లం. బడిపంతులు ఉద్యోగం నుంచి రిటైరయ్యాక ఆయన తుర్కుల ఏలుబడిలో బస్రా వైపు పనిచేసిన ఖాజీల మీద పుస్తకం మొదలుపెట్టాడు. ఒక్కో ఖాజీ తీర్పు చెల్లే ప్రాంతాన్ని కజా అంటారు. ఏ కజాలో ఏ ఖాజీ ఎప్పుడు కూర్చున్నాడో ఒక పట్టిక కావాలి. నాకు అరబ్బీ అక్షరాలు రావు. అంకెలు మాత్రం కార్ల నంబరు ప్లేట్లు చూసి నేర్చుకున్నాను. ఆయన పాత కాగితాల్లోంచి తేదీలు చదివేవాడు, నేను నెలల పేర్లు బొమ్మల్లా గుర్తుపెట్టుకుని గళ్లు నింపేవాణ్ణి. అలా రెండేళ్లు.

ఒకరోజు బాబా సంబరంగా బల్ల చరిచాడు. ఒక ఖాజీ హిజ్రీ లెక్కన 1300 రంజాన్‌లో ఒక కజాలో తీర్పిచ్చాడు. 1300 తమ్మూజ్‌లో, అంటే జూలైలో, నాలుగు రోజుల ప్రయాణమంత దూరంలో ఉన్న ఇంకో కజాలో అతని ముద్ర ఉంది. ఆ ఏడు రంజాన్ 1883 జూలైలోనే పడింది, రెండు తేదీలకూ తేడా ఒక్కరోజే. అంటే తాను అడుగుపెట్టని కోర్టులో ముద్రలు వేయించిన దొంగ అన్నమాట. బాబా అతని మీద ఒక అధ్యాయమే రాశాడు.

నాకు తమ్మూజ్ దగ్గర లెక్క కుదరలేదు. షువైఖ్ గ్యారేజీలో సిరియా మెకానిక్ నోట ఆ పేరు ఏటా ఎండలు మండేటప్పుడే వినేవాణ్ణి. రంజానేమో ఏటా పదకొండు రోజులు ముందుకొస్తుంది. మన పంచాంగంలో ఆ తేడాను అధికమాసం వేసి సరిచేస్తారు, వీళ్లు వేయరు. కదలని నెలకూ కదిలే నెలకూ సంవత్సరం ఒకటే ఎలా అవుతుంది? నింపిన గళ్లన్నీ మళ్లీ చూశాను. ఒక కాగితానికి రాసిన రెండు తేదీలూ పక్కపక్కనే ఉన్నాయి: రంజాన్ 1301, తమ్మూజ్ 1300. సర్కారు సంవత్సరం వేరు, మతం సంవత్సరం వేరు. అంటే తమ్మూజ్ 1300 వచ్చింది రంజాన్ 1300 అయిన మరుసటి ఏడు; ఆ ఖాజీ ముద్రలు రెంటికీ మధ్య ఏడాది ఉంది. మామూలుగా బదిలీ అయిన మనిషి.

ఆ ఇంట్లో వంట చేసే కడప ఆమెకు చెబితే నవ్వింది.

"సచ్చిపోయినోళ్ల లెక్క నీకేలన్నా? ఈడ ఉండనిచ్చే ఇఖామా కాగితం కొట్టేసి ఇంటికి పంపిచ్చాడు సూడు."

అయినా కాగితం మీద వేసి తీసుకెళ్లాను. బాబా రెండు తేదీల మీదా వేలు పెట్టి చూశాడు. ఆయనకు అర్థమైంది. అర్థం కాకపోయి ఉంటే నాకు ఇంత కోపం ఉండేది కాదు.

"లెక్క సరే. అధ్యాయం అచ్చుకు పోయింది. వాడు పోయి నూరేళ్లు దాటింది, వచ్చి అడుగుతాడా? ఖలాస్."

ఖాజీల న్యాయం గురించి రెండేళ్లు రాసిన మనిషి అన్న మాట అది. ఫోను చేస్తే ఆగే అచ్చు. నేనూ బండి తాళాలు తీసుకుని బయటికి నడిచాను. అందుకు నా మీద నాకున్న కోపం కూడా తగ్గలేదు.

పుస్తకాలు వచ్చాక బంధువుల ఇళ్లకు చేర్చింది నేనే. ఒక్కో గుమ్మంలో ఒక్కో కట్ట పెట్టి, ఆ మనిషిని దొంగని చేసి వచ్చాను. నాకూ ఒక ప్రతి ఇచ్చాడు. అందులో ఆ తమ్మూజ్ పక్కన అరబ్బీ అంకెల్లో 1884 అని రాశాను. తప్పు దిద్దిన ప్రతి అదొక్కటే. దాన్ని చదవడం నాకు రాదు.