బర్కా ఖర్జూరాల ఆకుపచ్చ

మా ఆఫీసులో డ్రాయింగులకు నకళ్ళు తీసే అమోనియా ప్రింటు యంత్రాన్ని నిన్న పాత సామాన్లవాళ్ళు తీసుకెళ్ళారు. కంప్యూటర్లు వచ్చాక దానితో పనిలేదు. కదిలించేసరికి అడుగున మిగిలిన అమోనియా ఒలికి, ముక్కు మండించే వాసన గదంతా పాకింది. ఆ వాసనతో పాటు ప్రభుదాసుగారు గుర్తొచ్చారు. ఆయనతో పాటు, ఇన్నేళ్ళైనా చల్లారని నా కడుపుమంట కూడా.

ఎనభైల చివర, ఈ అరబ్బు దేశానికొచ్చి, మత్రా అనే రేవు ఊళ్ళో ఒక చిన్న డిజైన్ కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరాను. ఆయన మా హెడ్. బాపట్ల మనిషి. మద్రాసులో చిత్రకళ చదివి, భార్యకు ఇక్కడ నర్సు ఉద్యోగం వస్తే వెంట వచ్చారు. ప్లాన్లు, సెక్షన్లు, కొలతలు మావి. కట్టబోయే ఇల్లు ఎలా ఉంటుందో యజమానికి చూపించే రంగుల బొమ్మ మాత్రం ఆయనది. పని మాకు వచ్చేదీ పోయేదీ ఆ బొమ్మ దగ్గరే తేలేది. గీతలో నేను ఆయనకంటే కచ్చితం. గొప్పకు చెప్పడం లేదు, స్కేలు పెట్టి చూసుకోవచ్చు. అయినా వచ్చినవాళ్ళంతా ఆయన బొమ్మ ముందే ఆగేవారు. నేను సహించలేకపోయేవాణ్ణి.

మధ్యాహ్నం మేం అన్నం డబ్బాలు తెరిస్తే ఆయన ఒక పెద్ద బొమ్మల పుస్తకం తెరిచేవారు. అందులో ఉన్నది వందేళ్ళ కిందటి పోస్ట్-ఇంప్రెషనిస్టు చిత్రకారులు. వాళ్ళను పేర్లతో కాక, తన వీధివాళ్ళలా పిలిచేవారు. ఒకే కొండను మళ్ళీ మళ్ళీ వేసినాయన ‘పెద్దాయన’. పసిఫిక్ ద్వీపాలకు వెళ్ళిపోయినాయన ‘ఓడెక్కినాయన’. పొద్దుతిరుగుడు పూలను రంగు ముద్దలతో వేసినాయన ‘మన పూలాయన’. ఈ పూలాయన మాట వచ్చినప్పుడు మాత్రం ప్రభుదాసుగారి గొంతు తగ్గేది.

“ఖాదరూ, ఈ నీడ నల్లగా ఉందా?”

“ఊదాగా ఉంది, సార్.”

“వీళ్ళకు ముందువాళ్ళు వెలుగు ఎలా పడితే అలా వేశారయ్యా. వీళ్ళు అది చూసి తమకేమైందో వేశారు.”

“మరి కొలత?”

“కడపోళ్ళంతా ఇంతేనా, నువ్వొక్కడివేనా?”

నాకు నచ్చింది చుక్కలాయన ఒక్కడే. రంగులు కలపకుండా పక్కపక్కన చుక్కలు పెట్టి, కలిపే పని చూసేవాడి కంటికి వదిలేశాడు. ఇందులో లెక్క ఉంది. లెక్కైతే నాకూ వస్తుందనుకున్నాను.

బర్కాలో ఖర్జూరపు తోట మధ్య ఇల్లు కట్టుకోవాలని ఒక అర్బాబ్ వచ్చాడు. యజమానిని మేం అలాగే పిలుస్తాం. ఈసారి రంగుల బొమ్మ నాకివ్వమని అడిగాను. ప్రభుదాసుగారు ఒక్క క్షణం నా మొహం చూసి “వెయ్యి” అన్నారు. నీలం, పసుపు సమానంగా కలిస్తే ఆకుపచ్చ. కనుక గళ్ళు గీసుకుని ఒకటి నీలం, ఒకటి పసుపు చొప్పున చుక్కలు పెట్టుకుంటూ పోయాను. దగ్గరి నుంచి ముగ్గులా ఉంది. గోడకు తగిలించి, ఎదురుగా అర్బాబ్‌ను కూర్చోబెట్టాం. అంత దూరానికి ఖర్జూరపు చెట్లన్నీ బూడిదరంగుకు తిరిగాయి.

“నా తోటకి నీళ్ళు పెట్టడం మానేశారా?” అని హిందీలో అడిగి నవ్వాడు అర్బాబ్.

గిన్నెలో కలిస్తే ఆకుపచ్చ అయ్యేవి కంట్లో కలిస్తే బూడిద అవుతాయని నేను ఏ క్లాసులోనూ వినలేదు.

“ఖహ్వా తాగండి. బొమ్మ ఇంకా పూర్తవలేదు,” అన్నారు ప్రభుదాసుగారు. దాన్ని బల్ల మీదికి దించి, చుక్కల మీదుగా పలచటి ఆకుపచ్చ లాగారు. చెట్ల మొదళ్ళలో అక్కడక్కడా ఇటుకెరుపు తాకించారు. గీత వంకర. కొలత లేదు. తోట తడిసింది.

“ఇదీ నా తోట,” అన్నాడు అర్బాబ్. పని మాకే వచ్చింది.

ప్రతి డ్రాయింగుకూ కింది మూలన రెండు గళ్ళుంటాయి: గీసినవారు, సరిచూసినవారు. ఆయన రెండో గడిలో పొడి సంతకం పెట్టి షీటు నా వైపు జరిపారు.

“గీసింది మీరు కదా సార్.”

“చుక్కలెవరివి?”

“పనికిరానివి.”

“అవి అడుగున లేకపోతే నా ఆకుపచ్చ పెయింటు డబ్బాలా ఉండేది. పెట్టు సంతకం. కుళ్ళు నీకొక్కడికేనా? మన పూలాయన మీద నాకు ముప్ఫై ఏళ్ళుగా ఉంది. పొద్దున్నే లేపి బ్రష్షు పట్టిస్తోందని ఉంచుకున్నాను.”

సంతకం పెట్టాను. అక్కడ నా పేరుండాలని ఎంత కోరుకున్నానో, ఉన్నాక అంత మండింది.

తర్వాత కొన్నాళ్ళకు ఆయన బాపట్ల వెళ్ళిపోయారు. నేను శుక్రవారాలు రంగులు పట్టుకుని బర్కా పోతుంటాను. తోటల్లో పనిచేసేవాళ్ళు వెనక నిలబడి చూస్తారు. “బాగా వచ్చింది భాయ్,” అంటారు. ఆ ఇటుకెరుపు ప్రభుదాసుగారైతే ఎక్కడ తాకించేవారో అప్పుడు తెలుస్తుంది. షీటు తీసేసి ఇంకోటి బిగిస్తాను.