ఎర్ర చుక్కల రిజిస్టరు

ల్యాబక్క చేసే ఉద్యోగం విశ్వవిద్యాలయం కంప్యూటర్ ల్యాబులో టెక్నీషియను. చదివే చదువు అదే విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ సైన్సు పీజీ, సాయంకాలం క్లాసులు. అంటే పొద్దున్నంతా పిల్లలు పాడుచేసిన కంప్యూటర్లు బాగుచేసి, సాయంత్రం అదే పిల్లల పక్కన బెంచీ మీద కూర్చుని పాఠం వినే మనిషన్నమాట. నలభై ఆరేళ్ళ వయసులో ఈ బుద్ధి ఎందుకు పుట్టిందని అడగనివాళ్ళు లేరు.

"పందొమ్మిదేళ్ళ నుంచి వీటి ఒళ్ళు తుడుస్తున్నాను. లోపల ఏం ఆలోచిస్తాయో తెలుసుకోవద్దా?" అనేది నవ్వుతూ.

అది పైకి చెప్పే మాట. అసలు మాట వేరే ఉంది. ల్యాబుకి ఇన్‌చార్జిలు రెండుసార్లు బయటినుంచి వచ్చారు. ఇద్దరూ ఆమెకన్నా చిన్నవాళ్ళే. ఏ స్విచ్చి నొక్కితే ఏ వరస వెలుగుతుందో ఇద్దరికీ ఆమే నేర్పింది. వాళ్ళ దగ్గరున్నదీ తన దగ్గర లేనిదీ ఒక్క పీజీ పట్టా. ఆ రెండో ఇన్‌చార్జి ఈ వేసవిలో వెళ్ళిపోతున్నాడు. ఆ కుర్చీ ఈసారైనా తనకి రావాలని ల్యాబక్క గట్టిగా అనుకుంది. అనుకోవడంలో తప్పేముంది చెప్పండి!

చిక్కల్లా ఏమిటంటే, రెండేళ్ళ చదువుని నాలుగేళ్ళలోపు ముగించాలన్నది అక్కడి నిబంధన. గణితం పేపరు రెండుసార్లు తన్నేయడంతో ఆమెకి ఆ నాలుగేళ్ళూ నిండుతున్నాయి. మిగిలింది ప్రాజెక్టు ఒక్కటే. అదీ పోతే చదువు మొత్తం నీళ్ళపాలే.

ప్రాజెక్టుకి గైడుగా వచ్చినాయన పేరు డిపార్టుమెంటు బోర్డు మీద ఎంత పెద్దగా ఉన్నా, ల్యాబక్కకి మాత్రం ఆయన గోలీయే. పదిహేడేళ్ళ కిందట ఇక్కడే విద్యార్థిగా ఉన్నప్పుడు, ఆ రోజుల్లో మౌసు అడుగున ఉండే రబ్బరు బంతులు ఊడదీసి వరండాలో గోలీలాడేవాడు. ఆమె చెవి మెలేసి బంతులు కక్కించింది. ఇప్పుడాయన డాక్టరేటు పుచ్చుకున్న ప్రొఫెసరు. క్లాసులో ఆమె "సార్" అంటుంది, ఆయన "అక్కా" అంటాడు. క్లాసు దాటితే ఆ సారు గాలికి కొట్టుకుపోతుంది.

ప్రాజెక్టు ఏం చెయ్యాలో ఆయన చెప్పాల్సిన పని లేకపోయింది. ల్యాబు తలుపు తెరిచేలోపు, రోజూ పొద్దున్నే అరవై మిషన్లూ ఒక్కొక్కటే వేసి, చెవి ఆనించి వినడం ఆమెకి అలవాటు. ఫ్యాను చప్పుడు ఎలా ఉంది, డబ్బా ఎంత వేడెక్కింది, తెర వెలగడానికి ఎన్ని సెకన్లు పట్టింది, అన్నీ నీలం సిరాతో రిజిస్టరులో రాస్తుంది. రాయమని ఎవరూ చెప్పలేదు, రాస్తే మెచ్చుకున్నవాళ్ళూ లేరు. ఇంకో అలవాటు కూడా ఉంది. ఏ మిషనైనా చచ్చిందంటే, వెనక్కి వెళ్ళి ఆ వారం దాని గురించి రాసిన ప్రతి వరస పక్కనా ఒక ఎర్ర చుక్క పెడుతుంది. ఇక్కడే తెలియాల్సింది అని తనకి తాను చెప్పుకోవడమన్నమాట.

ఇలాంటి రిజిస్టర్లు పద్నాలుగు పోగయ్యాయి. పొద్దుటి రాతలు చూసి, వారంలోపు ఏ మిషను చెడిపోతుందో ముందే చెప్పే ప్రోగ్రాము రాయాలి. అదీ ప్రాజెక్టు.

రిజిస్టర్లు కంప్యూటర్లోకి ఎక్కించడానికి మూడు నెలలు పట్టింది. ఇంట్లో ఆమె భర్త చదివితే ఆమె టైపు చేసింది. ఆయన దర్జీ. కొలతలు బిగ్గరగా చదవడం పుట్టుకతో వచ్చినట్టే ఉంటుంది.

"పన్నెండో నంబరు. ఫ్యాను గరగర. వేడి మామూలు. తొంభై సెకన్లు. చుక్క ఉంది."

"చుక్క కూడానా?"

"ఉన్నది చదువుతున్నానే. జేబు ఉందని రాస్తే జేబు కుట్టనూ?"

అంత శ్రద్ధగా చదువుతున్న మనిషి మాట కాదనడమెందుకని, చుక్కకి కూడా ఒక గడి ఇచ్చి ఎక్కించేసింది.

ప్రోగ్రాము పూర్తయింది. పాత రిజిస్టర్ల మీద పరీక్షిస్తే, చెడిపోయిన వంద మిషన్లలో తొంభై ఎనిమిదింటిని ముందే పట్టేసింది! గోలీ సారు కుర్చీలోంచి ఎగిరినంత పని చేశాడు. డిపార్టుమెంటంతా తిరిగి చెప్పొచ్చాడు. ప్రాజెక్టు పుస్తకం అచ్చయింది, నీలం అట్టతో బైండింగయింది, ఆఫీసులో సమర్పించడమూ అయింది. నలభై ఒకటో పేజీలో తొంభై ఎనిమిది లావుపాటి అంకెల్లో మెరిసిపోయింది. శుక్రవారం వైవా. బయటినుంచి వచ్చే పరీక్షకురాలికి నవ్వడం రాదని పిల్లలు చెప్పుకుంటారు. అయినా తొంభై ఎనిమిది చేతిలో ఉంటే భయమెందుకు?

ఆ సోమవారం, చేతులు ఊరుకోక, ల్యాబక్క ఆరోజు రాతల్ని ప్రోగ్రాముకి ఇచ్చి చూసింది. అరవై మిషన్లూ నిక్షేపంగా ఉన్నాయంది. ముప్ఫై నాలుగో నంబరు దగ్గు పట్టిన మనిషిలా చప్పుడు చేస్తుంటే నిక్షేపమేమిటి? బుధవారానికి ముప్ఫై నాలుగు పోయింది. దాని వెంట తొమ్మిదో నంబరూ పోయింది. ప్రోగ్రాము మాత్రం అన్నీ క్షేమమని అదే పాట పాడుతోంది.

అసలిది దేన్ని చూసి చెబుతోందని లోపల తీసి చూసింది. ఏ గడికి ఎంత విలువ ఇచ్చిందో వరసగా వచ్చింది. ఫ్యాను చప్పుడు సున్నాకి దగ్గర. వేడి సున్నాకి దగ్గర. సెకన్లూ అంతే. మొత్తం బరువంతా ఒక్క గడి మీదే ఉంది. చుక్క!

చుక్క మిషను చచ్చాక పెట్టేది కదా. అది పక్కన కనిపిస్తే మిషను పోయిందని చిన్నపిల్లాడైనా చెబుతాడు. ప్రోగ్రాము చప్పుడూ వినలేదు, వేడీ చూడలేదు, జవాబుల పేపరు ముందు పెట్టుకుని పరీక్ష రాసింది. ఈ సోమవారం రాతలకి ఇంకా చుక్కల్లేవు కనక అన్నీ క్షేమమంది.

చుక్కల గడి తీసేసి మళ్ళీ నడిపించింది. వందకి అరవై ఆరు వచ్చింది.

గోలీ గదిలోకి వెళ్ళి జరిగింది చెప్పింది.

"అక్కా, పుస్తకం ఇచ్చేశాం. మార్చడానికి లేదు. ఇప్పుడు తప్పని చెబితే ఫెయిల్ చేసినా అడిగే దిక్కులేదు. నీకిదే ఆఖరి ఛాన్సు."

"మరి చెప్పొద్దంటావా?"

"నేనెలా అనగలనక్కా అలాగని," అన్నాడాయన.

ఇంటికెళ్ళి భర్తతో చెబితే ఆయన కత్తెర కింద పెట్టేశాడు.

"అనవసరంగా చదివానే ఆ చుక్కలు."

"మీరు చదివారు సరే, ఎక్కించింది నేనేగా. చదువుకున్నదాన్ని నేను కదండీ."

"ఏం చేస్తావు?"

"కుర్చీ కావాలనే ఉందండీ. చాలా కావాలనుంది," అని ల్యాబక్క కళ్ళు తుడుచుకుంది. "కానీ ఆ కుర్చీలో కూర్చుని రోజూ అవే మిషన్లు వినాలి. తొంభై ఎనిమిది అని చెప్పి, ఏ ముఖం పెట్టుకుని వినను?"

శుక్రవారం వచ్చింది. సెమినారు గదిలో ప్రొజెక్టరు మొండికేస్తే దాన్ని కూడా ఆమే బల్ల ఎక్కి సరిచేసి, దిగి, చేతులు దులుపుకుని వైవాకి నిలబడింది. పరీక్షకురాలు పుస్తకంలో నలభై ఒకటో పేజీ దగ్గరే వేలు పెట్టి ఉంచింది.

"మేడం, మీరు వేలు పెట్టిన అంకె తప్పు," అంది ల్యాబక్క నమస్కారం పెట్టిన వెంటనే.

గదిలో ఉన్న పదిమందీ నోళ్ళు వెళ్ళబెట్టారు. ఆమె చుక్కల సంగతి మొత్తం చెప్పింది. అరవై ఆరు అని బోర్డు మీద రాసి సుద్ద కింద పెట్టింది.

పరీక్షకురాలు కళ్ళజోడు తీసింది. "ఇది మీరు ఎలా పట్టుకున్నారు?"

"ముప్ఫై నాలుగో నంబరు మిషను దగ్గుతోందండీ. ఇది బాగుందంది. నా చెవిని నమ్మాను."

"ఆ చెవి వందకి ఎన్ని పట్టుకుంటుంది?"

"లెక్క చూశానండీ. పోయిన వందలో అరవై ఒక్కదానికి అనుమానమని ముందే రాసి ఉంచాను."

"అంటే చుక్కలు తీసేశాక కూడా మీ ప్రోగ్రాము మీకన్నా ఐదు ఎక్కువ పట్టుకుంది." పరీక్షకురాలు కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంది. "నేను తొంభై ఎనిమిది ఎలా వచ్చిందని నిలదీయాలని వచ్చాను. మీరు ఆ పని మిగల్చలేదు. ఫలితాల అధ్యాయం తిరిగి రాసి పదిహేను రోజుల్లో ఇవ్వండి. పాస్." నవ్వడం రాదన్నది అబద్ధమని గదిలో అందరికీ ఆ పూట తెలిసింది.

పదిహేను రోజులు అక్కర్లేకపోయింది, పదో రోజుకే కొత్త అధ్యాయం ఇచ్చేసింది. కుర్చీ సంగతి అప్పటికింకా తేలలేదు. దరఖాస్తు మాత్రం పెట్టింది, ఈసారి పట్టా గడి ఖాళీగా వదలకుండా.

పాత పుస్తకం కూడా లైబ్రరీలో కొత్తదాని పక్కనే ఉండాలట. అట్ట మీద సవరణ చీటీ అంటించడానికి ల్యాబక్క, గోలీ కలిసి వెళ్ళారు. చీటీ అంటించాక ఆమె నలభై ఒకటో పేజీ తీసి, సంచిలోంచి ఎర్ర పెన్ను తీసి, తొంభై ఎనిమిది పక్కన ఒక చుక్క పెట్టింది.

"ఇక్కడే తెలియాల్సింది," అంది.

గోలీ ఆ చుక్క వంక చూశాడు. డిపార్టుమెంటంతా తిరిగి ఆ అంకెని చాటింది ఆయనే. ఒక్కసారైనా ఎలా వచ్చిందని అడగనిదీ ఆయనే.

"ఆ పెన్ను ఇలా ఇవ్వక్కా," అని తీసుకుని, ఆమె చుక్క పక్కనే రెండో చుక్క పెట్టాడు.