ఐస్ పెట్టెలో తీసిన రీల్

నేను బతికుండగానే మా అత్త నాకోసం గులాబీమాల తెచ్చి శోకాలు పెట్టింది. అందుకు కారణం వేరెవరో కాదు, సాక్షాత్తూ నేనే. నవ్వకుండా వింటానంటే చెబుతాను. సరే, మీ వల్ల కాదు, నవ్వుతూనే వినండి.

చదువు ముగించి తమిళనాడులోని మా రాజపాళయంలో ఇంటిపట్టున గోళ్లు గిల్లుకుంటున్న రోజులవి. చెన్నైలోని ఓ ప్రకటనల కంపెనీ ఒక రీల్ తీసి చూపించమంది. నచ్చితే ఉద్యోగం. నచ్చకపోతే చిన్నాన్న మిల్లులో ఫోన్లు ఎత్తడమే. రీల్ విషయమేమిటంటే, విదేశాల్లో తెల్లవాళ్లు ఒళ్లు నల్లబడాలని లైట్ల పెట్టెలో పడుకుంటారట. అది చర్మానికి చేటు, మానిపించాలి. సేత్తూరు బస్సు కోసం కాసేపు ఎండలో నిలబడితే ఊరికే వచ్చే నలుపును వాళ్లు డబ్బిచ్చి కొనుక్కుంటున్నారన్నమాట.

అలాంటి పెట్టె మా ఊళ్లో ఎక్కడ దొరుకుతుంది? గాజు మూత, లోపల వరుసగా లైట్లు, మనిషి పొడుగు... ఒకటుంది. మా వీధి చివర సుబ్బు మామ చావు ఇళ్లకు అద్దెకిచ్చే ఐస్ పెట్టె.

"మామా, మీ పెట్టె కొంచెం సేపు కావాల."

"అయ్యో పావం. ఎవురికమ్మా?"

"నాకే."

మామ నన్ను ఎగాదిగా చూశాడు. "అమ్మతో సండై, జగడం ఏమైనా వేసుకొంటివా?"

"లేదు మామా, రీల్ తీసేదానికి."

"సరి. లైట్ మాత్రం వేస్తాను. మూత పూరా మూసేది లేదు."

ముఖానికి దండిగా పౌడరు అద్దుకుని, తీయమని ఫోను మామ చేతికిచ్చి పడుకున్నాను. లైట్లు కంట్లో పొడుస్తుంటే కళ్లు మూసుకున్నాను. "అందం కోసం ఆయుష్షు పోగొట్టుకోకండి" అని చెప్పి, అదే కింద కూడా రాసి, రీల్ లోకం మీదికి వదిలి, మా బంధువుల గ్రూపులో కూడా పెట్టి, హాయిగా నిద్రపోయాను. అక్కడే నా బుద్ధి గడ్డి తింది. ఆ గ్రూపులో ఎవరూ శబ్దం పెట్టి వినరు, కింద రాసింది చదవరు. బొమ్మ చూసి ఏడుస్తారు, అంతే.

వాకిట్లో గోల వినిపించి మెలకువ వచ్చింది. సేత్తూరు అత్త మాల పట్టుకుని గుండెలు బాదుకుంటోంది. అమ్మ గరిటెతో సహా పరుగెత్తింది.

"ఎవురు వదినా, ఎవురు పోయినారు?"

"నీ కూతురే. నీకింకా ఎవురూ చెప్పలేదా?"

నేను వెనకనుంచి, "అత్తా, కాఫీ తాగుతావా?" అన్నాను. మాల కింద పడింది, దాని పక్కనే అత్త కూడా.

నీళ్లు చల్లి లేపాక కథంతా చెప్పాను. "అట్లాంటి పెట్టెలో పడుకొంటే నల్లగా అయిపోతారు అత్తా. పడుకోవద్దని చెప్పేదే నా పని."

అత్త ఫోను లాక్కుని నా ముఖాన్ని పెద్దది చేసి చూసింది. "నల్లగా ఎక్కడున్నావే? పుట్టినప్పటినుంచి నిన్ను ఇంత తెల్లగా చూసింది లేదు. ఆ పెట్టె ఎక్కడ దొరుకుతుంది? మా కూతురు సుధకి పెండ్లిసంబంధాలకు ఫొటో తీయాల."

సాయంత్రానికి రీల్ ఊళ్లు దాటింది. కింద అందరిదీ ఒకటే ప్రశ్న, ఇది ఏ పార్లరు అని. చెన్నై నుంచి ఫోన్ వచ్చింది. "పడుకోవద్దని చెప్పమంటే, జనాన్ని క్యూలో నిలబెట్టారు మీరు. ఇక సెలవు."

ఉద్యోగం పోయింది. నిజంగానే ఏడ్చాను. సుబ్బు మామ వచ్చి ఓదార్చాడు.

"కన్ను తుడుచుకో తల్లీ. నా షాపుకీ ఒక రీల్ తీసి విళంబరం చేసి పెట్టు. ఇన్నేండ్లలో నా పెట్టెలో పడుకొని, ఎట్లా ఉందో చెప్పేదానికి లేచి వచ్చినది నువ్వొకర్తివే."

అందుకే సకల బంధువుల సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను. ఇకమీదట నా కాళ్లతో నేను నడిచివెళ్లి ఆ పెట్టె ఎక్కను. ఎక్కాల్సివస్తే నలుగురూ కలిసి ఎత్తి పెట్టాల్సిందే.