తాతయ్య గుల్లలు

ఆ రోజుల్లో మా ఊరు బాంబూఫ్లాట్‌లో దెయ్యాలకు కొదవ లేదు, ఇంటర్నెట్‌కే కొదవ. ఫోన్లో ఒక ఫొటో పంపితే అది అవతలివాళ్ళకు చేరేలోపు మనమే ఫెర్రీ ఎక్కి పోర్ట్ బ్లెయిర్ వెళ్ళి, చూపించి, టీ తాగి తిరిగి రావచ్చు. వేరే కాలక్షేపం లేక పదకొండో తరగతిలో నేను డిటెక్టివ్‌నయ్యాను. దానికోసం ఒక డైరీ కొన్నాను. తెలుగు గడగడా మాట్లాడతాను గానీ అప్పటికి రాయడం సరిగా రాదు. అందుకని తెలుగు మాటలనే హిందీ అక్షరాల్లో రాసుకుని, అదేదో రహస్య లిపి అయినట్టు బడాయి పోయేదాన్ని. (ఇప్పుడు చదువుదామంటే నాకే అర్థం కావడం లేదు. ఆ లెక్కన రహస్యం బాగానే దాచాను.) ఆ డైరీలో మొత్తం ఒక్క కేసే ఉంది. అది మా తాతయ్య సమాధి మీది గుల్లల కేసు.

ముందు మా ఊళ్ళో జరిగిన యుద్ధం సంగతి చెప్పాలి. మా తాతయ్య చర్చిలో కీర్తన ఎత్తుకునేవారు, ఆయన స్నేహితుడు డోలక్ తాత డోలక్ వాయించేవారు. ఇద్దరూ శ్రీకాకుళం వైపు నుంచి ఒకే ఓడలో భార్యలతో సహా వచ్చి ఇక్కడ స్థిరపడ్డవాళ్ళు. చిక్కల్లా ఏమిటంటే, మా తాతయ్యకు కీర్తన నెమ్మదిగా సాగాలి, డోలక్ తాతకు పరుగెత్తాలి. ఒక క్రిస్మస్ ఆరాధనలో తాతయ్య రెండో చరణంలో ఉండగా డోలక్ తాత, ఆయన వెనక సగం చర్చీ, నాలుగో చరణం ముగించేసి కూర్చున్నారు. తాతయ్య మిగిలిన రెండు చరణాలూ ఒక్కరే నిలబడి పాడారు, అదీ మామూలుకంటే నెమ్మదిగా. ఆ రోజు నుంచి మాటల్లేవు. ఆడా మగా విడివిడిగా కూర్చునే మా చర్చిలో మొదటిసారి కుటుంబాలన్నీ కలిసి కూర్చోవడం మొదలైంది: మావాళ్ళు సముద్రం వైపు కిటికీల దగ్గర, వాళ్ళవాళ్ళు రోడ్డు వైపు కిటికీల దగ్గర. మధ్యలో ఖాళీ చాప ఒకటి. పాస్టరుగారు ప్రసంగమంతా ఆ ఖాళీ చాపకేసి చూస్తూ చెప్పేవారు.

తర్వాత తాతయ్య పోయారు, రెండేళ్ళకు డోలక్ తాతా పోయారు. తగువు మాత్రం పోలేదు. మగవాళ్ళ తగువులో అందరికంటే నష్టపోయింది మా నానమ్మ. ఓడలో వాంతులు చేసుకుంటుంటే తల పట్టుకున్న డోలక్ తాత భార్య, మా డోలక్ మామ్మే, ఈ దీవుల్లో ఆమెకు మొదటి స్నేహితురాలు. అలాంటిది ఎనిమిదేళ్ళుగా ఇద్దరూ బజారులో ఎదురైతే ఒకరు చేపల వైపు, ఇంకొకరు కూరగాయల వైపు తిరిగిపోయేవారు. సాయంత్రాలు నానమ్మ అరుగు మీద రెండు పీటలు వేసి ఒకదాని మీదే కూర్చునేది. రెండోది ఎవరికని అడిగితే "గాలికి" అనేది. అది చూస్తే నాకు ఏడుపొచ్చేది. డోలక్ మామ్మ మనవరాలు నా క్లాసే. ఒకసారి మాట మొదలెడితే ఆపడం ఎవరి తరమూ కాదు గనుక దాన్ని మిక్సీ అనేవాళ్ళం. మేమిద్దరం బడిలో స్నేహితులం, చర్చిలో శత్రువులం.

ఇక కేసు. నవంబరులో సమాధుల పండుగకు అందరూ సమాధులు కడిగి, సున్నం వేసి, పూలు పెడతారు. మాకు ఆ నెలంతా వానలే, పూలు రెండు రోజుల్లో కుళ్ళిపోతాయి. అందుకని నానమ్మ ఒడ్డున ఏరిన ఖాళీ గుల్లలు తాతయ్య సమాధి చుట్టూ పేర్చేది. (ఇప్పుడు అలా ఏరితే ఫారెస్టువాళ్ళు ఊరుకోరు.) ఆ ఏడు ఇంటి కిటికీలకు వేయగా మిగిలిన నీలం రంగుతో ప్రతి గుల్ల మీదా ఒక చుక్క పెట్టింది, అందంగా ఉంటుందని. తర్వాతి ఆదివారం వెళ్ళి చూస్తే సగం గుల్లలు లేవు. నీలిచుక్కలతో సహా నాలుగు వరసల అవతల డోలక్ తాత సమాధి చుట్టూ ఉన్నాయి.

"దొంగతనం!" అన్నాడు నాన్న. "చేతబడి!" అన్నాడు మిక్సీ వాళ్ళ నాన్న. "మీ గుల్లలు మాకెందుకయ్యా? మా నాయిన మీద ఏదో చేయించి పెట్టేరు!" చేతబడి వస్తువును చేత్తో ముట్టకూడదట, అందుకని నాన్న వాటిని పారతో ఎత్తి, ముఖం పక్కకు తిప్పుకుని, మళ్ళీ తాతయ్య దగ్గర కుమ్మరించాడు. బుధవారానికి అవి మళ్ళీ డోలక్ తాత దగ్గరికి చేరాయి. ఈసారి ఇంకా ఎక్కువ. ఊళ్ళో సగంమంది సమాధుల తోట ముందు నడవడం మానేశారు. మిక్సీ వాళ్ళ నాన్న ఇక ఈ చర్చి వద్దు, వచ్చే ఆదివారం చెప్పేసి తమ ఇంటి వరండాలోనే వేరే ఆరాధన పెట్టుకుంటామని కబురు చేశాడు. ఆ మాట విన్న సాయంత్రం నానమ్మ రెండో పీట తీసి లోపల పెట్టేసింది. అప్పటిదాకా ఆటగా ఉన్న నా డిటెక్టివ్‌తనానికి అప్పుడు నిజంగా పని పడింది. ఆదివారంలోగా దోషిని పట్టుకోవాలి.

శుక్రవారం బడి అయ్యాక నేనూ మిక్సీ సమాధుల తోటలో కొబ్బరిచెట్టు వెనక మాటు వేశాం. వాన పడుతోంది. ఇద్దరికీ కలిపి ఒకటే గొడుగు, అదీ ఎర్రది. ఎవరికీ కనబడకుండా జాగ్రత్తగా పట్టుకున్నాం.

"యార్, నిజంగా భూత్ వస్తే?" అంది మిక్సీ.

"స్టేట్‌మెంట్ తీసుకుంటాను," అన్నాను డైరీ తెరిచి. నా పళ్ళు టకటకలాడటం చలికని దానికి చెప్పాను.

దెయ్యం రాలేదు. డోలక్ మామ్మ వచ్చింది. అటూ ఇటూ చూసి, సంచిలోంచి ఆకు పొట్లం తీసి, భర్త సమాధి మీద విప్పింది. అందులో కొబ్బరి లౌజు. చనిపోయినవారికి తిండి పెట్టడం అవిశ్వాసమన్నది పాస్టరుగారు ఏటా గట్టిగా చెప్పే మాట. ఆ చెప్పినప్పుడల్లా అందరికంటే పెద్దగా ఆమెన్ అనేది ఈవిడే. "తినండి," అంది సమాధితో. "సుగరు, సుగరని పదేళ్ళు ఒక్క ముక్క పెట్టనివ్వలేదు మిమ్మల్ని. నా సేతుల్తో డబ్బా దాసేసేదాన్ని. ఇప్పుడు ఏ డాక్టరూ ఏటీ అనడు. తినండి." తర్వాత గబగబా చిన్న ప్రార్థన చేసి వెళ్ళిపోయింది. మిక్సీ నోరు మొదటిసారి ఆగిపోయింది.

ఆమె గేటు దాటిందో లేదో, తాతయ్య సమాధి దగ్గర ఒక నీలిచుక్క కదిలింది. తర్వాత ఇంకొకటి. తాతయ్య గుల్లలు వరసగా, తీరిగ్గా, వానలో నడుచుకుంటూ డోలక్ తాత ఇంటికి, అంటే సమాధికి, బయల్దేరాయి. మిక్సీ నా చెయ్యి కొరికింది (అరిస్తే దొరికిపోతామని). నేను కళ్ళు మూసుకుని కీర్తన ఎత్తుకున్నాను, తాతయ్యకు కోపం రాకుండా నెమ్మదిగా. కళ్ళు తెరిచేసరికి దగ్గరగా వచ్చిన గుల్ల కింద ఎర్రటి కాళ్ళు కనబడ్డాయి. గుల్ల పీతలు! ఖాళీ గుల్ల దొరికితే చాలు, అందులో దూరి దాన్నే మోసుకుంటూ తిరిగే పీతలు. చిన్నప్పుడు మేం వాటితో పరుగు పందాలు పెట్టినవాళ్ళమే. నానమ్మ పేర్చిన కొత్త ఇళ్ళలో కాపురం పెట్టి, మామ్మ లౌజు వాసనకు భోజనానికి వెళుతున్నాయి. ఊరంతా రోజూ తొక్కకుండా తప్పుకునే పీతలు ఒక్కరికీ గుర్తు రాలేదు. తగువు అంత దగ్గరగా ఉండగా పీతల దాకా ఎవరు వెళతారు?

కేసు తేలింది గానీ చిక్కు తేలలేదు. నిజం చెబితే డోలక్ మామ్మ పాస్టరుగారి ముందు, ఊరి ముందు దోషి అవుతుంది. చెప్పకపోతే చర్చి రెండుగా చీలుతుంది, నానమ్మ పీట ఇక బయటికి రాదు. "మామ్మ పేరు మత్ లేనా, ఎత్తొద్దు, ప్లీజ్," అంది మిక్సీ. లౌజును దాటేసి, పీతల గురించి మాత్రం చెప్పాలని తీర్మానించుకున్నాం. శనివారమంతా అద్దం ముందు అభ్యాసం చేశాను.

ఆదివారం మిక్సీ వాళ్ళ నాన్న లేచి గొంతు సవరించుకున్నాడు. నేనూ డైరీతో లేవబోయాను. ఈలోపు నానమ్మ లేచింది.

"తగువయ్యేక ఆయన బతికున్నన్నాళ్ళూ ఆ ఇంటికి ఎళ్ళలేదు," అంది. "ఎళ్ళాలని ఉండేది, నాకు తెల్సు. ఇప్పుడు ఒక్కో గుల్లా పంపించుకుంటన్నారు. మీరు పారతో ఎనక్కి లాగితే మళ్ళీ పంపేరు. ఇంక నేనెందుకు ఈ కిటికీ కాడ కూకోవాలి?" ఖాళీ చాప దాటి వెళ్ళి డోలక్ మామ్మ పక్కన కూర్చుంది. "జరుగు, వదినా," అంది. మామ్మ జరిగింది. తర్వాత ఇద్దరూ కొంగులు నోట్లో కుక్కుకుని ఏడ్చారు. మిక్సీ వాళ్ళ నాన్న ఏం చెప్పాలని లేచాడో మర్చిపోయి కీర్తన నంబరు అడిగాడు. మొదటి చరణం నెమ్మదిగా, చివరి చరణం వేగంగా పాడారు, ఇప్పటికీ అంతే పాడతారు. గుల్లలు పంపడానికి బైబిలు వాక్యంలో ఆధారం ఉందేమో చూసి చెబుతానన్నారు పాస్టరుగారు. ఇంకా చూస్తున్నారు.

నేను డైరీ మూసి కూర్చున్నాను. సాయంత్రం మా అరుగు మీది రెండు పీటలూ నిండాయి. ఆ తర్వాత పదమూడేళ్ళు ఆ రహస్యాన్ని నేను మోశాను. ఇద్దరు ముసలివాళ్ళ సంతోషం నా ఒక్క నాలుక మీద ఆధారపడి ఉందని, నా త్యాగం ఎవరికీ తెలియదని అప్పుడప్పుడూ నిట్టూర్చేదాన్ని కూడా.

డోలక్ మామ్మ కిందటేడు పోయింది. మొన్న సమాధుల పండుగకు నానమ్మను నేనే చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాను. సున్నం ఆరాక నానమ్మ సంచిలోంచి ఆకు పొట్లం తీసి, మామ్మ సమాధి మీద ఒకటి, డోలక్ తాత సమాధి మీద ఒకటి, కొబ్బరి లౌజు పెట్టింది.

"నానమ్మా! ఇదేంటి?"

"మరి పీతలు ఊరికినే వొస్తాయేటే?"

"నీకు... పీతలని తెలుసా? అప్పుడే?"

"సముద్రం ఒడ్డున పుట్టినదాన్ని. గుల్ల నడిస్తే లోపల పీత ఉంటాదని నాకు తెల్దేటి?" నానమ్మ నన్ను జాలిగా చూసింది. "మీ డోలక్ మామ్మా సెప్పిందిలే, ఆ వానలో పిల్లలిద్దరూ ఎర్ర గొడుగేసుకుని సెట్టెనకాల దాక్కున్నారొదినా, తడిసిపోతారని పార్దన తొందరగా ముగించేసేనని."

"మరి చర్చిలో ఆ మాటలన్నీ?"

నానమ్మ కాసేపు లౌజు మీద చీమలు తోలింది. "ఎనిమిదేళ్ళు సూసేనే. ఎవరైనా రమ్మంటారేమోనని. మనుసులెవరూ పిలవలేదు. పీతలు పిలిచినాయి, ఎళ్ళేను."

ఇంటికొచ్చి డైరీ వెతికి తీశాను. చివరి పేజీలో ఒక వాక్యం మాత్రం కష్టపడి తెలుగు అక్షరాల్లోనే రాసి ఉంది: ఈ నిజం నాకూ మిక్సీకీ తప్ప ప్రపంచంలో ఎవరికీ తెలియదు. కింద రెండు గీతలు, నా సంతకం. ఆ పిల్ల మీద నాకు బోలెడంత ప్రేమ పుట్టుకొచ్చింది. ఆ వాక్యాన్ని కొట్టేయడానికి మనసు రాక, డైరీని అలాగే బీరువాలో పెట్టి, అరుగు మీద నానమ్మ పక్కనున్న రెండో పీట మీదికి వెళ్ళి కూర్చున్నాను.