సరంగుగారి సుత్తి

నరసాపురం రేవులో పడవలు నడిపి రిటైరైన సరంగుగారొకరు ఉండేవారు. ఏ పడవ దగ్గరికి వెళ్ళినా ఆయన పలకరింపు సుత్తితోనే. చిన్న సుత్తితో ఇనుప రేకు మీద తట్టి, చెవి ఒగ్గి వినేవారు.

ఆ ఏడాది మనుషుల్నీ మోటారుసైకిళ్ళనూ ఏరు దాటించడానికి కాకినాడ నుంచి పాత పంటు ఒకటి కొని తెచ్చారు. దాన్ని చూసి ఎంచింది సరంగుగారే. ఒడ్డుకు లాగి మరమ్మతులు చేస్తున్నన్నాళ్ళూ, పడవల పిచ్చి ఉన్న మేం నలుగురం రోజూ అక్కడే ఉండేవాళ్ళం.

“ఇంజిను ఒక్క తిప్పుకే అందుకుంది, చూశారా!” అన్నాడు మాలో ఒకడు.

“మరి ఎంచింది ఎవరనుకున్నావు? మన సరంగుగారు!” అన్నాడు ఇంకొకడు.

ఆ పొగడ్త వింటూనే ఆయన పంటు అడుగున తట్టుకుంటూ వెళ్ళారు. వెనకవైపు ఒకచోట రేకు ఖంగున మోగలేదు. గీకి చూస్తే కొత్త రంగు కింద, తుప్పు తిన్నచోట పూసిన పాత లప్పం పెచ్చులుగా ఊడింది. నీళ్ళలోకి దింపే ముహూర్తం మర్నాడే. ఆయన అక్కడ సుద్దముక్కతో సున్నా చుట్టారు.

“కొనేముందు చూసింది మీరే కదండీ!” అన్నాడు పంటు కొన్న యజమాని.

“నేనేనండి. అప్పుడిది నీళ్ళలో ఉంది. ఒడ్డుకు లాగించి అడుగు చూడాల్సింది. చూడకుండానే బాగుందన్నాను. తప్పు నాదే. ఈ రేకు కోయించేయండి.”

యజమాని వెల్డరును కేకేసి ఆ సున్నా చూపించాడు. ముహూర్తం మార్చమని పంతులుగారికి ఫోన్ చేశాడు. ఆ తర్వాత సరంగుగారి వైపు తిరిగి, “మిగతా అడుగు కూడా తట్టేయండి. మీరు సరేనన్నాకే దింపుదాం,” అన్నాడు.