గుంత అవతల స్విచ్చు

మీసం సరిగా మొలవని ఆ రోజుల్లో నాకు న్యాయం మీద ఉన్నంత నమ్మకం నా కాళ్ల మీద ఉండేది కాదు. కానిస్టేబుల్ కొలువు తేవాల్సింది మాత్రం కాళ్లే. పరుగు పరీక్షకు తయారవుదామని గద్వాలలో చీరలు నేసే ఒకాయన్ని కాకా అని వరస కలిపి, ఆయన ఇంట్లో వెనక గది అద్దెకు తీసుకున్నాను. వీధిలోకి రావాలంటే మగ్గం గదిలోంచే దారి. మగ్గం దగ్గర, నేసేవాళ్లు కాళ్లు దింపి కూర్చోవడానికి గుంత ఉంటుంది. (దాని పక్కన మిగిలిన జానెడు దారిలో పిల్లి కూడా ఆలోచించి నడిచేది.) చేరిన మర్నాడే, తెల్లారకముందు మైదానానికి బయలుదేరి నేరుగా అందులో పడ్డాను. చీలమండ బూరెలా పొంగింది. పరుగు పరీక్ష చూస్తే ముంచుకొస్తోంది. ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

"నీ ఇంట్ల గుంత కాకా, బాధ్యత నీదే!" అన్నాను నేల మీద కూలబడే.

"గుంతేమన్న నడ్సుకుంట నీ కాడికొచ్చిందా? మా తాత తవ్విండు. గల్లీ అంతా ఎరికే. గింత పెద్ద గుంత కనబడకపాయెనా?"

"చీకట్ల ఎట్ల కనబడ్తది?"

"లైటెయ్యాలె."

"స్విచ్చు యాడుంది?"

చూపించడానికి లేచిన కాక చెయ్యి సగంలో ఆగిపోయింది. స్విచ్చు గుంతకు అవతలి గోడకుంది. (నా ఫోను కూడా అక్కడే ఛార్జింగులో ఉంది.) "గుంత కనబడాలంటే లైటెయ్యాలె, లైటెయ్యాలంటే గుంత దాటాలె. ఇగ చెప్పు!" అన్నాను. హైకోర్టులో గెలిచినంత గర్వమేసింది. పొయ్యి దగ్గరి నుంచి కాక భార్య చిన్నమ్మ నా పక్షాన సాక్ష్యం చెప్పింది: "కొత్త కోడలిగ వచ్చినప్పుడు నేను గూడ అండ్లనే పడ్డ. ఈయనకేమో కూసున్నకాడికే స్విచ్చు అందాలె!"

కాక తల గోక్కున్నాడు. "సరే, బాధ్యత నాదే. ఏం జెయ్యమంటవ్?"

"నా పరుగు పోయింది గద, నన్ను ఉరికించు!" అని అరిచాను, ఒళ్లు మండి.

దవాఖానలో కట్టు కట్టారు, ఆ ఏటి పరుగు పోయింది. స్విచ్చు సాయంత్రానికల్లా నా గుమ్మం పక్కకు మారింది. అంతటితో అయిపోయిందనుకున్నాను. కాలు బాగైన మర్నాటి నుంచి తెల్లవారుజామునే తలుపు మీద దబదబా బాదుడు మొదలైంది. "లే రా! బాధ్యత నాదని ఒప్పుకున్న గద!" మైదానంలో నేను ముందు, మోపెడ్ మీద హారన్ కొడుతూ కాక వెనక. జ్వరమన్నాను, వాన అన్నాను. చివరికి చేతులు జోడించి, "కేసు వాపస్ తీస్కుంట కాకా" అన్నాను. "ఒప్పుకున్నంక వాపస్ లేదు. ఉరుకు!" అన్నాడు.

మళ్లీ పరీక్ష పెట్టినప్పుడు గీత దాటి బోర్లా పడ్డాను. అప్పుడూ కంచె బయట కాక హారన్ మోగుతూనే ఉంది.

ఇప్పుడు స్టేషన్లో నా ముందుకొచ్చి "తప్పంతా వాడిదే సార్" అని ఊగిపోయే కుర్రాళ్లను చూస్తే నవ్వొస్తుంది, ముచ్చటేస్తుంది. పరిహారం కోసం అంతలా పరుగెత్తాల్సి వస్తుందని తెలిస్తే నేనారోజు నోరు మూసుకునేవాణ్ణేమో. మూసుకోకపోవడమే మంచిదైంది. తప్పు ఒప్పుకోవడమంటే ఏమిటో కాక చేసి చూపించాడు, ఆయన్ని తలుచుకుంటే ఇప్పటికీ నాకు ప్రేమే, కాస్త ఆయాసమూనూ.