సుబ్బారావుగారి మొదటి ఎత్తు కోసం

నందిగామలో ఎరువుల కొట్ల వరస దాటేటప్పుడు నేను ఇప్పటికీ హెల్మెట్ అద్దం కిందికి దించుకుంటాను. ఎండకేమో అనుకుంటారు చూసేవాళ్లు. అసలు కారణం చదరంగం. ఒక పెద్దమనిషిని నలుగురిలో అవమానించి, పైగా ఆయన్ని క్షమించడానికి దర్జాగా ఆయన కొట్టుకే వెళ్లిన ఘనత నాది. నవ్వుకోండి, కానీ కాస్త ఆగి నవ్వండి.

నేను జగ్గయ్యపేటలో లెక్కల లెక్చరర్ని. ఇక్కడా నందిగామలోనూ చెస్ ఆడేవాళ్లం ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుకుని, ఆన్‌లైన్లో పోటీలు జరుపుకునేవాళ్లం. అడ్మిన్ని నేనే. మాలో కొందరు ఓడిపోతున్నామని తెలియగానే ఎత్తు వెయ్యకుండా, గడియారం అయిపోయేదాకా బెల్లంకొట్టిన రాయిలా కూర్చునేవారు. ఇంకొందరు ఆటే మొదలుపెట్టరు. తెల్లపావులవాళ్లు మొదటి ఎత్తు వెయ్యకపోతే యాప్ కాసేపు చూసి ఆట రద్దు చేస్తుంది. అందుకని నేనొక నిబంధన రాశాను: మూడుసార్లు ఆట మొదలుపెట్టనివారు పోటీ నుంచి అవుట్. రాసిననాడు రాజ్యాంగం రాసినంత తృప్తి కలిగింది.

సెమీఫైనల్లో నాకు సుబ్బారావుగారు పడ్డారు. నందిగామలో ఎరువుల వ్యాపారి, అరవై దాటిన మనిషి. భార్య పోయాక బేరాలన్నీ కొడుక్కి అప్పగించి, కొట్లోనే ఒక పక్కన కూర్చుని ఫోన్లో చెస్ ఆడుకునేవారు. గ్రూపులో ఎవరు గెలిచినా మొదట మెచ్చుకునేది ఆయనే.

ఆదివారం పొద్దున ఆట తెరిచాను. నా వైపు నల్లపావులు. పైన తెల్లపావుల గడియారం తిరుగుతోంది. ఎదుటినుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఆట రద్దయింది. మళ్లీ తెరిచాం. అవే రంగులు, అదే మౌనం.

"ఏవండీ, ఈయన ఆడరేంటి?" అన్నాను మావారితో.

"ఒకసారి ఫోన్ చేసి కనుక్కోరాదూ?"

"రూల్స్ ఫోన్ల మీద నడవవండీ."

మూడోసారీ రద్దయింది. వెంటనే ఆయన దగ్గర్నుంచి మెసేజ్: "మేడంగారూ, బిజీగా ఉన్నారా? సాయంత్రం ఆడదామా?"

ఆడనిది తను, బిజీ నేనా! ఎంత వెటకారం! నాకు ఒళ్లు మండింది. అందరూ చూసేలా గ్రూపులో రాశాను: "ఓటమికి భయపడి ఆట మొదలుపెట్టకపోవడం పెద్దరికం కాదు. సుబ్బారావుగారిని పోటీ నుంచి తొలగించడమైనది."

"క్షమించమ్మా. తెలీక ఏదన్నా జరిగుంటుంది," అని రాసి ఆయన గ్రూపులోంచి వెళ్లిపోయారు.

కొన్నాళ్లకి వాళ్లబ్బాయి ఫోన్ చేశాడు. "నాన్నగారు ఫోన్ ముట్టుకోట్లేదండీ. యాప్ కూడా తీసెయ్యమంటున్నారు. నాకా చెస్ రాదు. ఆయన తప్పేంటో ఒకసారి వచ్చి చూపిస్తారా?"

చూపిద్దాం, క్షమిద్దాం, మళ్లీ చేర్చుకుందాం అనుకున్నాను. క్షమించేవాళ్లు ఉత్త చేతులతో వెళ్లకూడదని స్వీట్లు కూడా కొన్నాను. మావారు నా స్కూటర్ వెనక కూర్చున్నారు.

కొట్లో మిరపతోటకి మందు కొనడానికి పెనుగంచిప్రోలు నుంచి వచ్చిన రైతులు నిలబడి ఉన్నారు. సుబ్బారావుగారు లేచి తన కుర్చీ నాకిచ్చారు. "కూర్చోండమ్మా. మజ్జిగ తాగుతారా?"

నేను ఫోన్ తీసి, క్లాసులో వాడే గొంతు పెట్టాను. "ఇదిగోండి. నల్లవి నావి, తెల్లవి మీవి. కాబట్టి ముందు ఎవరు ఆడాలి?"

ఆయన కళ్లజోడు పెట్టుకుని నా ఫోన్ చూశారు. తన ఫోన్ తెరిచి చూశారు. "నాకూ నల్లవేనమ్మా."

"ఇద్దరికీ నల్లవి ఎలా వస్తాయండీ?"

ఆయన కొంచెం దగ్గరికి వంగి, రైతులకి వినపడకుండా అన్నారు. "మీ ఫోన్లో తెల్లవాటి పక్కన పేరు... పద్మావతి అని ఉందమ్మా."

పద్మావతిని నేనే.

ఆటకి ముందురోజు ఆయన పాత ఆటలు తెరిచి, ఎక్కడ దొరుకుతారో ఆయన వైపు నుంచి చూద్దామని యాప్‌లో బోర్డు తిప్పాను. తిప్పింది తిప్పినట్టే ఉండిపోయింది. నా పేరు పైన, నా గడియారం పైన, మొదటి ఎత్తు వెయ్యాల్సిన తెల్లపావులూ నావే. అక్షరాలు చదవడం వచ్చినదాన్ని, చదవలేదు. వెనక్కి చూస్తే మావారు యూరియా బస్తా మీద రాసినదంతా మహా శ్రద్ధగా చదువుతున్నారు.

"మీకు ఆవేళే తెలుసాండీ?"

"తెలుసమ్మా. మొదట నెట్ పోయిందేమో అనుకున్నా. తర్వాత మీకు ఒంట్లో బాలేదేమోనని మెసేజ్ పెట్టా."

"మరి తప్పు నాదని గ్రూపులో చెప్పలేదేం?"

"పిల్లలకి పాఠాలు చెప్పేవారు. నలుగురిలో మిమ్మల్నెలా అంటానమ్మా?"

చేతులు జోడించాను. అక్కడే కూర్చుని ఆయన్ని గ్రూపులో చేర్చి, జరిగిందంతా రాసి, నా నిబంధన ప్రకారం నన్ను నేనే పోటీ నుంచి తొలగించుకున్నాను.

"అంత పని వద్దమ్మా. ముందు మనం ఒక ఆట ఆడదాం," అన్నారాయన.

బోర్డు సరిగ్గా తిప్పుకున్నాను. ఈసారి తెల్లపావులు నా వైపే. రైతులు మందు డబ్బాలు పట్టుకుని చుట్టూ చేరారు. నాకేమో కళ్లు మసకబారి తెర కనిపించలేదు. కొంగుతో తుడుచుకుని, కళ్లజోడు తుడుచుకుని, ముక్కు చీది, బంటు మీద వేలు పెట్టేసరికి యాప్ ఆట రద్దు చేసేసింది.

సుబ్బారావుగారు తన ఫోన్ వంక చూసి, నా వంక చూసి, గంభీరంగా తల ఊపారు. "పర్లేదమ్మా. నాకు అలవాటైంది."

కాబట్టి పాఠకుల సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇకమీదట ఎదుటివాళ్లు కదలడం లేదని కోపం వస్తే, ముందు నేనే ఒక బంటుని తోసి చూస్తాను. అది కదలకపోతే అప్పుడు కూడా గ్రూపులో రాయను. ఫోన్ చేస్తాను.